తనిఖీ మంచం దగ్గర మొదలుపెట్టండి: శ్రీకాకుళం జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

జిల్లా కలెక్టరు గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా అధికారి గారికి నమస్కారాలతో,

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఏ ఊరు చూసినా పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటారు. మంచం పట్టిన తల్లినో తండ్రినో జీతానికి పెట్టిన మనిషి చూసుకుంటూ ఉంటుంది. ఆ మనిషిని పంపే ఏజెన్సీలు పట్టణాల్లో పెరుగుతున్నాయి. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్లు నలుగురైదుగురు తోడు మనిషి సాయంతో కలిసి ఉండే ఇళ్లు కూడా అక్కడక్కడా వస్తున్నాయి. ఈ సేవలు ఎలా ఉన్నాయో చూడటానికి ఎవరైనా వెళితే ముందు ఆఫీసు గదిలో కుర్చీ వేస్తారు, టీ తెస్తారు, రిజిస్టర్లు పెడతారు. సంతకాలన్నీ సరిగ్గా ఉంటాయి. లోపలి గదిలో మనిషి వీపు ఎలా ఉందో ఎవరూ చూడరు.

ఇంటి సంరక్షణ పనిలో ఉన్న నర్సులం, ఫిజియోథెరపిస్టులం, సామాజిక కార్యకర్తలం మిమ్మల్ని కోరేది ఒకటే. తనిఖీ మనిషి దగ్గర మొదలవ్వాలి. కాగితం ఆ తర్వాత చూడాలి. అదెలా చేయాలో కూడా ఈ లేఖలో రాస్తున్నాం.

ముందు చర్మం. మంచం మీదే ఉండే మనిషికి సంరక్షణ అందుతోందో లేదో ఏ రిజిస్టరూ చర్మమంత నిజం చెప్పదు. మనిషిని అడిగి, తలుపు వేసి, ఒక నర్సు చూడాలి. నడుం కింద త్రికం దగ్గర, తుంటి రెండు పక్కలా, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక, ఆక్సిజన్ పైపు ఉంటే చెవి వెనక కూడా. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే చర్మం తెల్లబడి మళ్లీ రంగు రావాలి. నొక్కినా తెల్లబడకపోతే అక్కడ పుండు మొదలైందన్నమాట. పుస్తకాల్లో రాసే ఈ ఎరుపు మన నల్లటి చర్మాల మీద తరచూ కనబడదు. అందుకే చేత్తో తాకాలి. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా గానీ మెత్తగా గానీ ఉందా, నల్లగా కమిలిందా అని చూడాలి. అలాంటి చోట నూనె రాసి రుద్దడం, పౌడరు చల్లడం, రబ్బరు రింగు మీద కూర్చోబెట్టడం మన ఇళ్లలో చాలాకాలంగా ఉన్న అలవాట్లు. మూడూ హాని చేసేవే. రుద్దితే లోపలి కండ చితుకుతుంది. రింగు వేస్తే దాని అంచు చుట్టూ రక్తం ఆడదు. ఏజెన్సీ మనిషి చేతిలో ఇవి కనబడ్డాయంటే ఆమెకు శిక్షణ ఇవ్వలేదనే అర్థం. తప్పు ఆమెది కాదు.

చర్మం చూశాకే పక్క తిప్పిన చార్టు అడగండి. ప్రతి 2 గంటలకోసారి పక్క మార్చాలన్నది అందరూ చెప్పే లెక్క. మంచి ఫోమ్ పరుపు ఉంటే, చర్మం బాగుంటే, రాత్రిపూట ఆ వ్యవధిని నర్సు పెంచవచ్చు. కానీ ఆ నిర్ణయం ఎవరిదో, ఎప్పటి నుంచో రాసి ఉండాలి. చార్టులో 8, 10, 12, 2, 4 అని నిమిషం తేడా లేకుండా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే అది కూర్చుని ఒక్కసారే రాసింది. ఉదయం 11 గంటలకు వెళితే మధ్యాహ్నం 2 గంటల గడి కూడా నిండి ఉన్న చార్టులు ఉంటాయి. నిజంగా తిప్పిన చార్టులో 10:20 ఉంటుంది, 12:45 ఉంటుంది, ‘నిద్రలో ఉంది, తిప్పలేదు’ అనే మాట కూడా ఉంటుంది. అలాంటి చార్టుకే ఎక్కువ విలువ ఇవ్వండి. తప్పు రాసుకున్నవాళ్లకు మార్కులు కోసేస్తే రేపటి నుంచి అందరూ అందంగా అబద్ధం రాస్తారు.

బిల్లులు కూడా చాలా చెబుతాయి. మలమూత్రాలు అదుపులో లేని మనిషికి రోజుకు నాలుగైదు డైపర్లు కావాలి. అంటే నెలకు 120 నుంచి 150. బిల్లులో 60 ఉంటే రోజుకు రెండే మార్చినట్టు. బట్ట వాడుతున్నామంటే ఎన్ని బట్టలున్నాయో, తీగ మీద ఎన్ని ఆరుతున్నాయో లెక్క చూడాలి. చేతి తొడుగులూ అంతే. ఈ లెక్కకు ఐదు నిమిషాలు చాలు, దీన్ని తారుమారు చేయడం కష్టం.

తర్వాత పైపులు. మూత్రం పైపు వేసి ఉంటే ఎందుకు వేశారు, ఎవరు వేశారు, ఏ తేదీన వేశారు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉండాలి. మూత్రం ఆగిపోవడం, లోతైన పుండు తడవకుండా చూడటం లాంటి కారణాలు సరే. పడక మార్చే పని తప్పుతుందని వేసిన పైపు సంరక్షణ కిందకు రాదు. సంచి ఎప్పుడూ నడుముకు కింద ఎత్తులోనే ఉండాలి, నేలకు తగలకూడదు. మనిషిని పక్కకు తిప్పేటప్పుడు సంచిని పొట్ట మీద పెడితే పాత మూత్రం వెనక్కి పోతుంది. చలిజ్వరం అక్కడే మొదలవుతుంది. మూడింట రెండు వంతులు నిండేలోపు ఖాళీ చేయాలి. మామూలు రబ్బరు పైపు అయితే సుమారు 4 వారాలకు, పూర్తి సిలికాన్‌దైతే గరిష్ఠంగా 12 వారాలకు మార్చాలి. ఏ రకం వేశారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోతే మార్చే తేదీ కూడా తెలియనట్టే.

ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే పైపు ఉన్నచోట భోజనం వేళకే వెళ్లండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా, తినిపించాక కనీసం అరగంట అలాగే ఉంచుతున్నారా, ముక్కు దగ్గర పైపు మీద గుర్తు కదిలిందేమో చూస్తున్నారా, సిరంజిలోని ఆహారాన్ని పిస్టనుతో నెట్టకుండా దాని బరువుకే దిగనిస్తున్నారా, ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తున్నారా అన్నది కళ్లారా చూడాలి. మాత్రలు సరిగ్గా నూరక పైపు మూసుకుపోవడం రోజూ జరిగేదే. బలంగా నెట్టి తెరవబోతే ప్రమాదం. పూతతో నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రల్ని నూరకూడదన్న సంగతి కూడా చాలామంది సహాయకులకు ఎవరూ చెప్పలేదు.

ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటి సంరక్షణ అంటే చాలావరకు కిడ్నీ రోగుల సంరక్షణే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కానీ డయాలసిస్‌కు వెళ్లే మనిషి వారంలో ఎక్కువ గంటలు గడిపేది ఇంట్లోనే. అక్కడ చుట్టూ కొబ్బరి తోటలే. నీరసంగా ఉన్నాడని ప్రేమతో బొండం కొట్టి ఇస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ మీదున్న మనిషికి అది గుండె ఆగిపోయేంత ప్రమాదం. పనస తొనలతోనూ జాగ్రత్త అవసరం. ఆరోగ్యానికి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం లవణం కలుపుతారు, అది అసలే వద్దు. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఇంకో పొరపాటు నీళ్ల లెక్కలో జరుగుతుంది. డాక్టరు రోజుకు ఇన్ని నీళ్లని రాసిస్తే చెంబు నీళ్లే లెక్కపెడతారు. చోడి అంబలి, మజ్జిగ, టీ, చారు లెక్కలోకి రావు. అన్నీ కలిపి కొలిచే గీతల సీసా ఒకటి ఇంట్లో ఉండాలి. రోజూ ఒకే వేళకు బరువు చూసి రాయాలి. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) ఉన్న చేతికి బీపీ పట్టా కట్టకూడదు, రక్తం తీయకూడదు, ఆ చేతిని తల కింద పెట్టి పడుకోనివ్వకూడదు. ఫిస్టులా మీద వేలు పెడితే తగిలే జిరజిర ప్రతి ఉదయం ఉందో లేదో చూడాలి. తనిఖీకి వచ్చినవారు సహాయకురాలిని ‘ఈ చేతిలో ఏం చూస్తావమ్మా?’ అని అడిగితే చాలు, ఆమెకు ఏ మాత్రం నేర్పారో బయటపడుతుంది. ఉద్దానంలో పనిచేసే ఏ ఏజెన్సీకైనా ఈ ఒక్క పేరా విడి పరీక్షగా పెట్టాలి.

మందుల విషయంలో చూడాల్సింది డబ్బాలో మాత్రల సంఖ్య. చీటీ ప్రకారం ఎన్ని మిగలాలో, ఎన్ని మిగిలాయో పోల్చండి. ఇన్సులిన్ సీసా తెరిచిన తేదీ రాసి ఉందా? రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే ఏం చేయాలో ఎదురుగా గోడ మీద ఉందా? అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు చీటీలో లేని నిద్రమాత్ర ఆ డబ్బాలో ఉందా? పగలంతా మగతగా, రాత్రంతా గొడవ లేకుండా పడుకునే మనుషులున్న ఇల్లు ప్రశాంతంగా కనబడుతుంది. అక్కడే ఎక్కువసేపు ఆగండి.

రాత్రి తనిఖీ లేకుండా ఏ అంచనా నమ్మదగింది కాదు. ‘24 గంటల మనిషి’ అని ఏజెన్సీలు పంపేది ఒక్క మనిషినే. ఆమె నిద్రపోవాలి కదా. పూర్తిగా మంచం మీదున్న బరువైన మనిషిని ఒక్కతే రాత్రంతా తిప్పుతుందని రాసిచ్చిన ఒప్పందం మొదటి రోజే అబద్ధం. మంచానికే పరిమితమైనవారికి రెండు షిఫ్టులు, లేదా రాత్రి లేపి సాయం అడగగలిగే రెండో మనిషి ఉన్నారా అన్నది ఒప్పందంలోనే చూడాలి. సహాయకురాలి జీతం, ఏజెన్సీ పట్టుకునే వాటా, వారపు సెలవు, ఆధార్ అసలు కార్డు ఎవరి దగ్గర ఉందన్నది ఆమెను విడిగా అడగాలి. అలసిపోయిన చేతులు మంచి సంరక్షణ ఇవ్వలేవు. ఇళ్లలో పనిచేసేటప్పుడు లైంగిక వేధింపు ఎదురైతే పనిచోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చన్న విషయం ప్రతి సహాయకురాలికీ తెలిసేలా చేయడం కూడా నాణ్యతలో భాగమే.

ఇక తోడుతో ఉండే ఇళ్లు. ఇక్కడ పుండ్లు, పైపుల కంటే మనిషికి తన జీవితం మీద ఎంత చెల్లుబాటు ఉందన్నది ముందు చూడాలి. బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో తనవంటూ బట్టలున్నాయా, లేక ఉతికిన బట్టలన్నీ ఒకే కుప్పలోంచి ఎవరికి ఏది దొరికితే అది తొడుగుతున్నారా? ఆడవాళ్లందరికీ ఒకేలా జుట్టు కత్తిరించి ఉంటే అది ఎవరి సౌకర్యానికి? స్నానాల గదికి లోపలి గడియ ఉందా? రాత్రి బయటి నుంచి తాళం వేస్తున్నారా? నెలసరి సమయంలో ఎవరు సాయపడుతున్నారు, ఆడమనిషేనా? వంట, గిన్నెలు, గచ్చు తుడవడం ఇంటి పనిగా నేర్పుతున్నారా, జీతం లేని పనివాళ్లుగా వాడుతున్నారా? సంత రోజు ఎవరైనా బయటికి వెళ్లి తమకు నచ్చింది కొనుక్కుంటారా? పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం ఆ వ్యక్తి స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా చేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కాబట్టి ఆపరేషన్ల చరిత్ర కూడా చూడాలి.

డబ్బు లెక్క కూడా ఇక్కడే. ఎన్టీఆర్ భరోసా పింఛను కింద వికలాంగులకు నెలకు 6,000, మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు వస్తున్నాయి. అది ఎవరి చేతిలోకి వెళ్తోంది, మనిషి పేరున ఎంత మిగిలింది, వేలిముద్ర వేసింది ఎవరి ఎదుట? బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవారి కోసం చేసిన నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం నియమించిన సంరక్షకులు 6 నెలల్లో ఆస్తి జాబితా, ఏటా లెక్కలు ఇవ్వాలి. ఆ లెక్కలు అందుతున్నాయో లేదో చూడాల్సిన, ఈ చట్టం కింది స్థానిక స్థాయి కమిటీ జిల్లాలోనే ఉంటుంది.

మాట్లాడగలిగినవారిని నిర్వాహకుల ఎదుట అడిగితే అందరూ ‘బాగుంది’ అనే అంటారు. విడిగా, వాళ్ల భాషలో అడగాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో సవర మాట్లాడే మనిషి బృందంలో లేకపోతే ఆ ఇంటర్వ్యూ చేయనట్టే. ‘సంతృప్తిగా ఉన్నారా’ లాంటి ప్రశ్నలు వద్దు. ‘పొద్దున్న ఏటి తిన్నావు మామ్మా? నిన్న రాత్రి దాహమేస్తే ఎవర్ని పిలిచావు? ఎంతసేపటికి వచ్చారు?’ అని అడగండి. మాట రానివారి దగ్గర భోజనం వేళ అరగంట పైగా కదలకుండా కూర్చుని చూడాలి. అన్నం, పప్పు, కూర విడివిడిగా పెడుతున్నారా, అంతా కలిపి ముద్ద చేసి కుక్కుతున్నారా? నిటారుగా కూర్చోబెట్టారా? ఒక ముద్ద మింగాక రెండో ముద్ద పెడుతున్నారా? తిన్న వెంటనే దగ్గు వస్తుంటే పట్టించుకుంటున్నారా? తినిపిస్తూ ఆ మనిషితో మాట్లాడుతున్నారా, ఆమె తల మీదుగా ఇంకొకరితోనా? నోరు తెరిపించి చూస్తే దవడలో నిన్నటి అన్నం కనబడటం కూడా జరుగుతుంది.

పిల్లల అభిప్రాయం తీసుకోండి, కానీ దాన్ని నాణ్యతగా లెక్కించకండి. దూరంలో ఉన్న కొడుకు చూసేది ఉదయం స్నానం చేయించాక తీసిన వీడియో. ఇంకో సంగతి, ఈ మనిషి మానేస్తే ఇంకొకరు దొరకరన్న భయంతో కుటుంబాలు ఫిర్యాదు చేయవు. ఫిర్యాదులు లేకపోవడం మంచి గుర్తు కానే కాదు. అలాగే ‘పడిపోయినవారు సున్నా’ అన్న అంకె చూసి సంతోషించకండి. ఎవరినీ మంచం దించకపోతే ఎవరూ పడరు. చేతులు కట్టేసినా పడరు.

మార్కుల దగ్గర మీ కార్యాలయాలు చేయగల పెద్ద తప్పు సగటు తీయడం. వంటగదికి 95, రికార్డులకు 90 వచ్చి, మనిషిని మంచానికి కట్టేసినందుకు సున్నా వస్తే, సగటు మీద ఆ ఇల్లు పాసైపోతుంది. ఇంగ్లండులో సంరక్షణ సేవల్ని పరిశీలించే కేర్ క్వాలిటీ కమిషన్ భద్రత, ఫలితం, ఆప్యాయత, అవసరానికి స్పందన, నిర్వహణ అని ఐదు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంది. మనం అంత పెద్ద యంత్రాంగం పెట్టుకోనక్కర్లేదు. కొన్ని విషయాల్లో తప్పితే మిగతా మార్కులతో పని లేకుండా ఫెయిల్ అనుకోవాలి. అవి కట్టేయడం, చీటీ లేని మత్తుమందు, బయటి తాళం, చేరాక పుట్టిన లోతైన పుండు గురించి డాక్టరుకు చెప్పకపోవడం, పింఛను లెక్క చూపలేకపోవడం.

‘చేరాక పుట్టిన’ అని ఎందుకు అంటున్నామంటే, ఆసుపత్రి నుంచే పుండుతో వచ్చే రోగులు చాలామంది. మొదటి రోజే నర్సు ఒళ్లంతా చూసి, కొలిచి, బ్రేడెన్ స్కేలు మీద ముప్పు రాయాలి. ఆ స్కేలు మీద 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే పుండు పడే ముప్పు ఉన్నట్టు. ముప్పు స్థాయిల వారీగా పోల్చకుండా పుండ్ల సంఖ్యను మాత్రమే లెక్కపెడితే, బరువైన కేసులు తీసుకునే మంచి ఏజెన్సీకి చెడ్డపేరు వస్తుంది. నడిచే రోగుల్ని మాత్రమే తీసుకునే ఏజెన్సీకి మంచిపేరు వస్తుంది. అప్పుడు పూర్తిగా మంచం మీదున్నవారిని ఎవరూ తీసుకోరు.

తుపాను ఏర్పాట్లు ఏటా సెప్టెంబరులోనే చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. కరెంటు పోతే గాలి పరుపు దిగిపోతుంది, మనిషి గట్టి మంచం మీద ఉంటాడు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ యంత్రం ఆగిపోతుంది. సుమారు 1,500 లీటర్లు పట్టే బి రకం సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు దాటి వస్తుంది, అంతే. ఎన్ని సిలిండర్లున్నాయి, స్పానర్ ఎక్కడుంది, డయాలసిస్ రోగిని తుపానుకు ముందే కేంద్రానికి చేర్చే బండి ఎవరిది, ఇన్సులిన్ ఎక్కడ చల్లగా పెడతారు అన్నవాటికి జవాబులు ఆ సహాయకురాలి నోటి నుంచే రావాలి.

వీటిలో చాలా పనులకు కొత్త చట్టం అవసరం లేదు. వికలాంగుల సంస్థలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరని 2016 చట్టంలో ఉంది. కుటుంబం లేదన్న కారణంతో మనిషిని మానసిక ఆసుపత్రిలో ఉంచేయకూడదని, సమాజంలో ఉండే ఏర్పాటు ప్రభుత్వం చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఖాళీ ఉన్నది ఇంటికి మనిషిని పంపే ఏజెన్సీల దగ్గర. 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో వాటికి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉన్నాయి. అది చట్టం కాలేదు. దుకాణాల చట్టం కింద తీసుకున్న కాగితం సంరక్షణ గురించి ఏమీ చెప్పదు. చట్టం వచ్చేదాకా, ముందుకొచ్చిన ఏజెన్సీలను పైన చెప్పిన పద్ధతిలో చూసి, ఆ నివేదికల్ని రోగుల పేర్లు లేకుండా తెలుగులో గ్రామ, వార్డు సచివాలయం బోర్డు మీద పెట్టవచ్చు. జనం వాటిని చదివే మనిషిని పెట్టుకుంటారు.

బృందంలో ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త, వైకల్యం ఉన్న వ్యక్తి గానీ రోగిని ఇంట్లో చూసుకున్న కుటుంబ సభ్యులు గానీ ఒకరు, ఇలా ముగ్గురు చాలు. చెప్పకుండా వెళ్లాలి, కనీసం ఒక తనిఖీ రాత్రిపూట ఉండాలి. సొంత ఇళ్లలో ఉన్నవారి దగ్గరకు మాత్రం వారి అనుమతితోనే వెళ్లాలి. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి సచివాలయం సిబ్బంది ఎలాగూ మంచం దాకా వస్తారు. మనిషి బాగా చిక్కిందా, గదిలో మూత్రం కంపు ఉందా, అందేంత దూరంలో నీళ్లున్నాయా, ఒంటరిగా మాట్లాడనిస్తున్నారా అన్న నాలుగు సంగతులు గమనించి ఏఎన్ఎంకు చెప్పే పద్ధతి పెట్టండి. అంతకు మించి వారి మీద వేయకండి. ఈ పరిశీలనకూ పింఛనుకూ ముడి పెట్టకండి, పెడితే జనం తలుపు తీయరు.

చెడ్డగా నడుస్తున్న ఇల్లు కనబడితే అదే రోజు సీలు వేయకండి. అందులో ఉన్నవారు బస్టాండుకు చేరతారు. ప్రాణాపాయం ఉన్నవారిని వెంటనే ఆసుపత్రికి మార్చి, మిగతావాటికి 7 రోజుల గడువిచ్చి, చెప్పకుండా మళ్లీ వెళ్లండి. మూసేయక తప్పకపోతే ఒక్కొక్కరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరి బాధ్యతో కాగితం మీద రాసుకున్నాకే మూయండి.

చర్మ పరీక్ష, పైపులు, డయాలసిస్ రోగి ఇంటి సంరక్షణ మీద మీ బృందాలకు శిక్షణ ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. మొదట పలాస డివిజన్‌లో మొదలుపెట్టమని మా కోరిక. అక్కడ సేవలూ ఎక్కువ, తప్పు జరిగితే ముప్పూ ఎక్కువ. ఈ లేఖ ప్రతిని విజయనగరం జిల్లా అధికారులకు కూడా పంపుతున్నాం.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లాలో ఇంటి సంరక్షణ సేవల్లో పనిచేస్తున్న నర్సులు, ఫిజియోథెరపిస్టులు, సామాజిక కార్యకర్తలు